మోటర్‌ని ఆపడం వేరు, తిరగనివ్వకపోవడం వేరు

స్ట్రిప్ ఇరుక్కుంది. ఆపరేటర్ గార్డ్ డోర్ తెరిచి, చెయ్యి లోపలికి పెట్టి, నలిగిపోయిన ఫాయిల్‌ని రెండు వేళ్లతో పీకుతున్నాడు. జీడిమెట్ల, పాశమైలారం లాంటి చోట్ల మాత్రలు ప్యాక్ చేసే మెషీన్ల దగ్గర పనిచేసినవాళ్లకి ఇది రోజూ కనిపించే సీనే. ఆ వేళ్లకి జానెడు దూరంలో కట్టర్ ఉంటుంది. దాన్ని తిప్పే సర్వో మోటర్‌కి కరెంటు అందించే డ్రైవ్ మాత్రం ప్యానెల్‌లో ఇంకా ఆన్‌లోనే ఉంటుంది. 415 వోల్టుల త్రీ ఫేజ్‌ని డీసీగా మార్చి, దాదాపు 580 వోల్టుల్ని కెపాసిటర్లలో దాచుకుని రెడీగా కూర్చుని ఉంటుంది. మరి ఆ కట్టర్ ఉన్నట్టుండి కదలదని అతనికి ఎవరు హామీ ఇచ్చారు?

ప్రోగ్రామ్ ఆపేసింది కదా అంటారేమో. సర్వో విషయంలో ఆ ఆగడమే ఒక పని. స్పీడ్ సున్నా అని కమాండ్ ఇస్తే మోటర్ తీరిగ్గా కూర్చోదు, ఎన్‌కోడర్ (షాఫ్ట్ ఎక్కడుందో కొలిచే సెన్సర్) చెప్పే పొజిషన్‌ని సెకనుకి వేలసార్లు చూసుకుంటూ, కొంచెం పక్కకి జరిగితే వెంటనే వెనక్కి లాక్కుంటూ ఉంటుంది. ఎన్‌కోడర్ తప్పు లెక్క చెప్పిందనుకోండి, జరగని దాన్ని సరిచేయబోయి ఒక్కసారిగా దూకుతుంది. అంత టార్క్ ఉన్నదాని ముందు మనిషి వేలు ఎంత?

పాత పద్ధతిలో కాంటాక్టర్ అనే పెద్ద కరెంటు స్విచ్ పెట్టి డ్రైవ్‌కి వచ్చే కరెంటునే కట్ చేసేవాళ్లు. అది పనిచేసేది, కానీ డోర్ తెరిచిన ప్రతిసారీ కెపాసిటర్లు ఖాళీ అవ్వాలి, మళ్లీ నిండాలి, డ్రైవ్ రెడీ అవ్వాలి, ఈలోగా ప్రొడక్షన్ సూపర్‌వైజర్ వచ్చి తలమీద నిలబడతాడు. కాంటాక్టులు అతుక్కుపోయే గొడవ ఒకటి అదనం.

ఇప్పటి డ్రైవ్‌లలో ఉండేది సేఫ్ టార్క్ ఆఫ్, అందరూ ఎస్‌టీఓ అనే అంటారు. నాకు ఇందులో బాగా నచ్చేది దీని వెనకున్న ఫిజిక్స్. శాశ్వత అయస్కాంతాలున్న సర్వో మోటర్ ఆగకుండా తిరగాలంటే డ్రైవ్‌లోని ఆరు ట్రాన్సిస్టర్లు కోలాటం ఆడినట్టు సరైన వరసలో, సరైన క్షణంలో ఆన్, ఆఫ్ అవుతూ ఉండాలి. తాళం తప్పితే ఆటే లేదు. ఎస్‌టీఓ చేసేది ఆ ట్రాన్సిస్టర్లని ఆన్ చేసే పల్సుల్ని ఆపేయడం, అంతే. 580 వోల్టులు అలాగే ఉన్నా మోటర్‌ని తిప్పే శక్తి దానికి లేదు. ఖర్మకాలి సరిగ్గా అదే సమయంలో రెండు ట్రాన్సిస్టర్లు కాలి షార్ట్ అయినా మోటర్ ఒక్క కుదుపు కుదిపి అక్కడే బిగుసుకుంటుంది. 4 జతల ధ్రువాలున్న మోటర్ అయితే ఆ కుదుపు మహా అయితే 45 డిగ్రీలు. డిజైన్ చేసేవాళ్లు దీన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

పల్సుల్ని ఆపే దారి ఒక్కటే ఉంటే, ఆ దారే చెడిపోతే? అందుకే రెండు ఛానళ్లు. చాలా డ్రైవ్‌లలో ఒకటి పై మూడు ట్రాన్సిస్టర్లని, ఇంకొకటి కింది మూడింటిని చూసుకుంటుంది. రెండిటికీ చెరో వైరులో 24 వోల్టులు వస్తుంటేనే పల్సులు వెళ్తాయి, ఏ ఒక్కటి ఆ 24 వోల్టులు కోల్పోయినా టార్క్ పోతుంది. సేఫ్టీ కంట్రోలర్ మధ్యమధ్యలో మిల్లీసెకను కన్నా తక్కువసేపు ఆ 24 వోల్టుల్ని తీసి చూస్తుంటుంది. అలా తీసినా లైన్‌లో వోల్టేజ్ పోలేదంటే వైరు ఎక్కడో ఇంకోదానికి తగులుతున్నట్టే.

ఎస్‌ఐఎల్ అంటే భద్రత ఎంత నమ్మదగ్గదో చెప్పే స్థాయి. ఎస్‌ఐఎల్ 3 అని డబ్బా మీద రాసి ఉంటే, ప్రమాదకరంగా ఫెయిలయ్యే రేటు కోటి గంటలకి ఒకసారి కన్నా తక్కువ అని అర్థం. కోటి గంటలంటే సుమారు 1,140 ఏళ్లు. ఏ డ్రైవూ అన్నేళ్లు బతకదు లెండి. అలాంటివి 1,140 పెట్టి ఏడాదంతా నడిపినా, అన్నిటిలో కలిపి అలాంటి ఫెయిల్యూర్ సగటున ఒకటి కన్నా తక్కువే ఉండాలి, లెక్క అది.

ఇంత చెప్పాక కూడా ఎస్‌టీఓ బ్రేక్ కాదు. స్విచ్ తీసిన సీలింగ్ ఫ్యాన్ ఎలా తిరుగుతూ తిరుగుతూ ఆగుతుందో మోటర్ కూడా అంతే. నిలువు యాక్సిస్, అంటే పైకీ కిందికీ కదిలే భాగం అయితే ఇంకా ఘోరం, బావి దగ్గర చేద తాడు వదిలేసినట్టు బరువంతా కిందికి జారుతుంది, అక్కడ మెకానికల్ బ్రేక్ ఉండి తీరాలి. కరెంటు తీసేసినట్టూ కాదు, వైర్లు ముట్టుకోవాలంటే మెయిన్ ఆఫ్ చేసి, తాళం వేసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగాల్సిందే.

ఈ లోటు తీర్చడానికే కొన్ని డ్రైవ్‌లలో విడిగా సేఫ్టీ మాడ్యూల్ అనే కార్డు గుచ్చుతారు. ఎస్‌ఎస్1 అంటే ముందు బ్రేక్ వేసినట్టు స్పీడ్ తగ్గించి, ఆ తర్వాత ఎస్‌టీఓ. ఎస్‌ఎల్‌ఎస్ అయితే మోటర్ తిరగొచ్చు గానీ పెట్టిన హద్దు దాటకూడదు, రోబోకి చేత్తో పాయింట్లు నేర్పేటప్పుడు సెకనుకి 250 మిల్లీమీటర్లు దాటకుండా కాపలా కాసేది ఇలాంటిదే. స్పీడ్‌ని నమ్మాలంటే ముందు ఎన్‌కోడర్‌ని నమ్మాలి కదా, అక్కడ పదో తరగతి త్రికోణమితి పనికొస్తుంది. ఎన్‌కోడర్ సైన్, కొసైన్ అని రెండు సిగ్నళ్లు పంపితే, రెండింటి వర్గాలు కలిపితే ఎప్పుడూ ఒకటే విలువ రావాలి. ఒక వైరు తెగితే ఆ మొత్తం తప్పుతుంది, మాడ్యూల్ వెంటనే పట్టేస్తుంది.

ఆగడానికి పట్టే టైమూ చిన్న విషయమేం కాదు. చెయ్యి అడ్డొస్తే మెషీన్‌ని ఆపే కాంతి కిరణాల తెర, అంటే లైట్ కర్టెన్, ఎంత దూరంలో పెట్టాలో లెక్కేసేటప్పుడు ఐఎస్ఓ 13855 అనే భద్రతా ప్రమాణం మనిషి చేతిని సెకనుకి 2 మీటర్ల వేగంతో వస్తుందనుకోమంటుంది. మొత్తం ఆగడానికి 0.2 సెకను పడితే చెయ్యి ఈలోగా 400 మిల్లీమీటర్లు లోపలికి వచ్చేసినట్టే. కర్టెన్ దానికన్నా ఇంకొంత దూరంగానే ఉండాలి.

మెషీన్ అప్పగించే ముందు నేను చేసే పని ఒకటుంది, రెండు ఎస్‌టీఓ వైర్లలో ఒక్కొక్కటే పీకి డ్రైవ్ ఫాల్ట్ చూపిస్తుందో లేదో చూడటం. ఓసారి ఒక వైరు పీకినా డ్రైవ్ కిక్కురుమనలేదు. మోటర్ హాయిగా తిరుగుతూనే ఉంది. కనెక్టర్ ఊడదీసి చూస్తే రెండు టెర్మినళ్లని కలుపుతూ వేలెడంత ఎర్ర జంపర్ వైరు, ఒకటి పీకినా రెండోదాని 24 వోల్టులు దానికీ అందుతున్నాయి. డ్రైవ్‌తో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిందట, “లేకపోతే స్టార్ట్ అవ్వట్లేదు సార్, అందుకే ఉంచేశాం” అన్నాడు ప్యానెల్ కట్టిన అబ్బాయి. డ్రాయింగ్‌లో మాత్రం రెండు ఛానళ్లు శుభ్రంగా విడివిడిగా గీసి ఉన్నాయి.