కొత్త రూటర్ వచ్చింది, పాత బల్బు అలిగింది: వైఫై 7పై అపోహలు - వాస్తవాలు

ఇళ్లకు, చిన్న ఆఫీసులకు వైఫై పెట్టడం నా వృత్తి. వైఫైలో ఏడో తరమైన వైఫై 7 రూటర్లు 2023లో అమ్మకానికి వచ్చినప్పుడు ఆగలేక కొన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ముందు మా ఇంట్లో వాడి చూసుకుని, తర్వాత అడిగినవాళ్ల ఇళ్లలో పెట్టడం మొదలుపెట్టాను. "రూటర్ డిఫెక్ట్ పీస్ వచ్చిందండీ, వెనక్కి ఇచ్చేస్తున్నాను" అని ఫోన్ చేసినవాళ్ల ఇళ్లకు వెళ్లి చూస్తే, నిజంగా పాడైన రూటర్ ఒకటో రెండో. మిగతా అన్నిచోట్లా రూటర్ బాగానే ఉంది, ఫోనో ల్యాప్‌టాపో కూడా బాగానే ఉంది. ఆ రెండింటికీ పొత్తు కుదరలేదు, అంతే. ఆ పొత్తు చెడే చోట్లు మూడు: బ్యాండ్ (సిగ్నల్ నడిచే 2.4, 5, 6 గిగాహెర్ట్జ్ లాంటి రేడియో పరిధి), సెక్యూరిటీ పద్ధతి, డ్రైవర్ (వైఫై కార్డును నడిపే సాఫ్ట్‌వేర్). వెనక్కి ఇచ్చే ముందు ఈ మూడూ చూసుకోండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అపోహ: కొత్త తరం రూటర్ పెడితే ఇంట్లోని పాత వస్తువులన్నీ మార్చాలి

నేను ఎక్కువగా వినే మాట ఇదే. జనానికి ఎక్కువ ఖర్చు పెట్టించేదీ ఇదే.

వాస్తవం: వైఫైలో ప్రతి కొత్త తరాన్నీ పాత తరాలతో కలిసి పనిచేసేలాగే తయారుచేశారు. 2009లో ఖరారైన 802.11ఎన్ అనే పాత వైఫై పద్ధతితో పనిచేసే ప్రింటర్ కూడా ఈ రోజు వైఫై 7 రూటర్‌కు కనెక్ట్ అవుతుంది. కనెక్ట్ కాకపోతే చాలాసార్లు అడ్డుపడేది రూటర్‌తో పాటు వచ్చిన సెట్టింగ్స్.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. పాత రూటర్ తీసేసి, కొత్తదానికి అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టాను. అన్నీ వాటంతట అవే కనెక్ట్ అవుతాయనుకున్నాను. ఫోన్లు, టీవీ వెంటనే వచ్చేశాయి. నాలుగు స్మార్ట్ బల్బులు, ఒక కెమెరా, ప్రింటర్ మాత్రం రాలేదు. రూటర్‌ను రెండుసార్లు రీసెట్ చేశాను. బల్బుల్ని ఆపి, వేసి, మళ్లీ ఆపి చూశాను. రెండు గంటలు గడిచాక సెక్యూరిటీ పేజీ తెరిస్తే అక్కడ దొరికింది కారణం. కొత్త రూటర్ డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 (వైఫై సెక్యూరిటీలో పాత, కొత్త పద్ధతులు) రెండూ కలిపిన మిశ్రమ పద్ధతిలో ఉంది. ఆ బల్బుల్లోని చిన్న చిప్‌కు డబ్ల్యూపీఏ2 ఒక్కటే తెలుసు. రూటర్ రెండు పద్ధతులూ ఒకేసారి ప్రకటిస్తుంటే అది తికమకపడి ఆగిపోతోంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు డబ్ల్యూపీఏ2 మాత్రమే ఉంచాను. నిమిషం తిరక్కుండా ఆరూ వచ్చి చేరాయి.

అప్పటినుంచి ప్రతి ఇంట్లోనూ ఒకటే పద్ధతి పాటిస్తున్నాను. పాత పేరు, పాత పాస్‌వర్డ్‌ను 2.4 గిగాహెర్ట్జ్‌లో డబ్ల్యూపీఏ2తో నడిచే వేరే నెట్‌వర్క్‌కు ఇస్తాను. ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు కొత్త పేరుతో ఇంకో నెట్‌వర్క్ పెడతాను. ఇలా చేస్తే బల్బులు, ప్లగ్గులు, కెమెరాలు ఒక్కటి కూడా మళ్లీ సెటప్ చేయనక్కర్లేదు. స్టూల్ ఎక్కి ఒక్కో బల్బునూ రీసెట్ చేసినవాళ్లకు ఇది ఎంత పెద్ద సాయమో తెలుస్తుంది. ఆ పాత నెట్‌వర్క్‌లో ఛానల్ (బ్యాండ్‌లో సిగ్నల్ నడిచే దారి) వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంచండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. చాలామంది ఈ పనికి గెస్ట్ నెట్‌వర్క్ (అతిథుల కోసం రూటర్‌లో ఉండే వేరే నెట్‌వర్క్) వాడతారు. గెస్ట్ నెట్‌వర్క్‌లోని పరికరాల్ని రూటర్ మామూలుగా మిగతా ఇంటినుంచి విడదీసి ఉంచుతుంది. బల్బు వెలుగుతుంది, కానీ ఫోన్‌నుంచి ప్రింట్ ఇస్తే "ప్రింటర్ కనబడలేదు" అంటుంది. ప్రింటర్ తప్పేమీ లేదు, మనమే దాన్ని వేరే గదిలో పెట్టి తలుపేశాం.

అపోహ: ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ పేరే కనిపించట్లేదు కాబట్టి దాని వైఫై కార్డు పోయింది

వాస్తవం: పక్కింటి నెట్‌వర్క్‌లు కనిపిస్తూ మన కొత్తది ఒక్కటే కనిపించకపోతే కార్డు పోలేదని అర్థం. వైఫై 6 వచ్చిన కొత్తలో ఇంటెల్ పాత కార్డులు కొన్నింటికి సరిగ్గా ఇదే జరిగింది. పాత డ్రైవర్ ఉన్న ల్యాప్‌టాప్‌లకు రూటర్ కొత్త పద్ధతిలో తన పేరు చాటే ప్రకటన అర్థమయ్యేది కాదు, దాంతో ఆ పేరే జాబితాలోకి వచ్చేది కాదు. డ్రైవర్ అప్‌డేట్ చేస్తే సరిపోయేది. ఇప్పటికీ పాత ల్యాప్‌టాప్ తెచ్చి చూపించేవాళ్లకు నేను ముందు చేసే పని అదే: ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి, తయారీదారు సైట్‌నుంచి డ్రైవర్ దించుకోవడం. ఒక పెద్దాయన కొత్త ల్యాప్‌టాప్ కొనడానికి బయల్దేరుతూ దారిలో నాకు ఫోన్ చేశారు. "ఒక్క పావుగంట ఆగండి సార్" అన్నాను. ఆ పావుగంటలోనే పని అయిపోయింది.

అపోహ: డబ్బా మీద 19000 అని ఉంది, అందులో కనీసం సగమైనా రావాలి

వాస్తవం: ఆ అంకె మూడు బ్యాండ్ల గరిష్ఠ లింక్ స్పీడ్‌ల (రూటర్‌కూ పరికరానికీ మధ్య కాగితం మీద ఉండే స్పీడ్) కూడిక. బీఈ19000 తరగతి రూటర్‌లో 6 గిగాహెర్ట్జ్‌కు సుమారు 11520, 5 గిగాహెర్ట్జ్‌కు 5760, 2.4 గిగాహెర్ట్జ్‌కు 1376 ఎంబీపీఎస్ లెక్కేసి, మొత్తాన్ని పైకి సవరించి డబ్బా మీద వేస్తారు. మీ ఫోన్ ఈ మూడింటినీ కలిపి వాడుకోలేదు. పైగా ఆ 11520 నాలుగు యాంటెన్నాల లెక్క, ఫోన్లలో ఉండేవి మామూలుగా రెండే. అంటే 6 గిగాహెర్ట్జ్‌లో 320 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానల్ దొరికినా గరిష్ఠంగా 5760. ఫోన్ 160 మెగాహెర్ట్జ్ వరకే పోగలిగితే అదీ సగానికి పడుతుంది. ఐఫోన్ 16 అలాంటిదే: వైఫై 7 ఫోనే, కానీ 160 దాటదు. ఇక లింక్ స్పీడ్‌లో నిజంగా డేటా రూపంలో చేతికి వచ్చేది సుమారు సగం నుంచి మూడింట రెండు వంతులు.

అంతకన్నా ముందు చూడాల్సింది రూటర్ వెనక పోర్టు. ఇంటర్నెట్ తీగ పెట్టే పోర్టు 1 గిగాబిట్‌ది అయితే, వైఫై ఏ తరానిదైనా స్పీడ్ టెస్ట్‌లో 940 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. మీ ప్లానే 100 అయితే రూటర్ మార్చినా 100 దాటదు. రూటర్ మార్చడం వల్ల బాగుపడేవి వేరే ఉన్నాయి: ఒకేసారి ఇరవై పరికరాలు వాడుతున్నప్పుడు వీడియో కాల్ తెగకపోవడం, ఇంట్లోనే ఒక కంప్యూటర్‌నుంచి ఇంకోదానికి పెద్ద ఫైళ్లు త్వరగా వెళ్లడం. వాటికోసం కొంటే సంతృప్తి ఉంటుంది.

అపోహ: వైఫై 7 అని రాసి ఉంటే 6 గిగాహెర్ట్జ్ ఉన్నట్టే

వాస్తవం: కాదు. వైఫై 7 పేరుతో 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండే ఉన్న రూటర్లు చాలా అమ్ముతున్నారు. బీఈ3600 అని ఉంటే అది దాదాపుగా ఆ రకమే. 320 మెగాహెర్ట్జ్ ఛానల్ 6 గిగాహెర్ట్జ్‌లోనే ఉంటుంది కాబట్టి వీటిలో దాని ఊసే ఉండదు. అవి చెడ్డవని నేను అనను, తక్కువ ధరలో మంచి పనే చేస్తాయి. ఏం కొంటున్నారో తెలిసి కొనండి.

అపోహ: 6 గిగాహెర్ట్జ్ ఉన్న రూటర్ కొన్నాను, అయినా ఫోన్‌లో రావట్లేదు. అంటే రెండిట్లో ఏదో ఒకటి పాడైంది

వాస్తవం: ఇక్కడ దాటాల్సిన గడపలు చాలా ఉన్నాయి. ఏ గడప దగ్గర ఆగినా 6 గిగాహెర్ట్జ్ కనిపించదు, తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పరు.

మొదట, పరికరం వైఫై 6ఈ (6 గిగాహెర్ట్జ్ కూడా ఉన్న వైఫై 6) లేదా వైఫై 7ది అయ్యుండాలి. ఉత్త వైఫై 6 పరికరానికి ఆ బ్యాండ్ రేడియోనే ఉండదు. ఐఫోన్లలో 15 ప్రోతోనే 6 గిగాహెర్ట్జ్ మొదలైంది. విండోస్ కంప్యూటర్ అయితే విండోస్ 11 ఉండాలి. అందులోనూ వైఫై 7 సదుపాయాలు 24హెచ్2 వెర్షన్‌తో వచ్చాయి. విండోస్ 10 మీద ఎంత మంచి కార్డు పెట్టినా వైఫై 7 రాదు.

రెండోది సెక్యూరిటీ. 6 గిగాహెర్ట్జ్‌లో డబ్ల్యూపీఏ2కు చోటు లేదు. డబ్ల్యూపీఏ3 తప్పనిసరి, మిశ్రమ పద్ధతి కూడా కుదరదు. పాత బల్బుల కోసం ఇల్లంతటికీ డబ్ల్యూపీఏ2 పెట్టేసినవాళ్లకు ఇక్కడ దెబ్బ తగులుతుంది. నెట్‌వర్క్‌ను రెండుగా విడదీయమని ముందే చెప్పడానికి ఇంకో కారణం ఇదే.

మూడోది దేశం సెట్టింగ్. 6 గిగాహెర్ట్జ్ అన్ని దేశాల్లో ఒకేలా తెరవలేదు. అమెరికా 2020లో 5925 నుంచి 7125 వరకు 1200 మెగాహెర్ట్జ్ ఇచ్చింది. యూరప్ 2021లో 5945 నుంచి 6425 వరకు 480 మాత్రమే ఇచ్చింది. దాంతో అమెరికాలో ఒకదానిపై ఒకటి పడకుండా 320 వెడల్పు ఛానళ్లు మూడు పడితే, యూరప్‌లో ఒక్కటే పడుతుంది. ఒక దేశంలో కొన్న రూటర్‌ను ఇంకో దేశానికి పట్టుకెళితే, అక్కడ అనుమతి లేని ఛానల్‌లో అది ఉంటే ఫోన్ దాన్ని ముట్టుకోకపోవచ్చు.

నాలుగోది చాలామందికి తెలియదు. 6 గిగాహెర్ట్జ్‌లో మొత్తం బ్యాండ్ తెరిచిన చోట 20 మెగాహెర్ట్జ్ ఛానళ్లు 59 ఉంటాయి. అన్నింటినీ వెతికితే బ్యాటరీ తగలడిపోతుంది కాబట్టి, ముందుగా వెతకాల్సినవిగా 15 ఛానళ్లు నిర్ణయించారు. 5, 21, 37, 53 అలా పదహారేసి తేడాతో వెళతాయి. రూటర్‌లో 6 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టి, ఛానల్ మాన్యువల్‌గా మార్చినవాళ్లు వీటిలో ఒకటి ఎంచుకోండి. ఫోన్ల నెట్‌వర్క్‌లోని మిగతా బ్యాండ్లకూ దీనికీ ఒకే పేరు ఉంచితే ఇంకా మంచిది. 6 గిగాహెర్ట్జ్ ఎక్కడుందో మిగతా బ్యాండ్లే ఫోన్‌కు చెబుతాయి.

అపోహ: కొత్త రూటర్‌తో సిగ్నల్ ఇంకా దూరం వెళుతుంది

వాస్తవం: ఎంత పవర్‌తో ప్రసారం చేయాలో చట్టం నిర్ణయిస్తుంది, రూటర్ తరం కాదు. 6 గిగాహెర్ట్జ్ గోడల్లోంచి వెళ్లడంలో 5 కన్నా కాస్త బలహీనం, 2.4తో పోలిస్తే చాలా బలహీనం. దానికితోడు ఛానల్ వెడల్పు రెట్టింపు చేసిన ప్రతిసారీ నాయిస్ (సిగ్నల్‌లో కలిసే అనవసర రొద) కూడా రెట్టింపవుతుంది. 320 వెడల్పు రూటర్ ఉన్న గదిలో గొప్పగా ఉంటుంది. రెండు గోడల అవతల గదికి 80 పెడితేనే నిలకడగా పనిచేయడం చాలాసార్లు చూశాను. వైఫై 7లో గొప్పగా చెప్పే 4096 క్వామ్ (ఒక్కో సిగ్నల్‌లో ఎక్కువ డేటా ఇరికించే పద్ధతి) కూడా అంతే. ఒక్కో సిగ్నల్‌లో 10కి బదులు 12 బిట్లు పంపి 20 శాతం లాభం ఇస్తుంది, అదీ సిగ్నల్ బాగా శుభ్రంగా ఉన్న దగ్గరి దూరంలోనే.

అపోహ: ఒక్క పాత పరికరం ఉంటే అన్నీ దాని స్పీడ్‌కు పడిపోతాయి

సగం నిజం. ప్రతి పరికరం రూటర్‌తో తన స్పీడ్ తాను మాట్లాడుకుంటుంది. పాత ఫోన్ ఉందని కొత్త ల్యాప్‌టాప్ పాత తరానికి దిగిపోదు. కానీ గాలిలో సమయం అందరికీ ఉమ్మడి సొత్తు. నెమ్మదైన పరికరం అదే ఫైలుకు ఎక్కువ సమయం తీసుకుంటుంది, అంతసేపూ ఆ ఛానల్‌లో మిగతావి ఆగాలి. ఎప్పుడో ఒకసారి నాలుగు బైట్లు పంపే బల్బు వల్ల ఏమీ కాదు. రోజంతా వీడియో పంపే పాత కెమెరా వల్ల అవుతుంది. దాన్ని 2.4లో వదిలి, మీ పనులకు 5, 6 ఉంచుకోండి.

అపోహ: రూటర్ ఆన్ చేసిన వెంటనే 5 గిగాహెర్ట్జ్ రాకపోతే అది పాడైనట్టే

వాస్తవం: 160 వెడల్పు పెట్టారా? 5 గిగాహెర్ట్జ్‌లో అంత వెడల్పు కావాలంటే మామూలుగా రాడార్లు వాడే ఛానళ్లలోకి వెళ్లాలి. ప్రసారం మొదలుపెట్టే ముందు అక్కడ రాడార్ లేదని రూటర్ కనీసం ఒక నిమిషం విని నిర్ధారించుకోవాలి. యూరప్‌లో వాతావరణ రాడార్ల ఛానళ్లయితే పది నిమిషాలు. ఆగండి, వస్తుంది.

అపోహ: ఎంఎల్ఓ ఆన్ చేస్తే ఫోన్‌లో బ్యాండ్లన్నీ కలిసి స్పీడ్ రెట్టింపవుతుంది

వాస్తవం: ఎంఎల్ఓ అంటే ఒకే పరికరం ఒకటికన్నా ఎక్కువ బ్యాండ్లలో రూటర్‌తో సంబంధం పెట్టుకోవడం. వైఫై 7లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, మొదట్లో నన్ను అన్నిటికన్నా ఏడిపించిందీ ఇదే. చాలా ఫోన్లు రెండు బ్యాండ్లలోనూ చెవి పెట్టి వింటాయి, ఏది ముందు ఖాళీ అయితే దానిలో డేటా పంపుతాయి. రెండింట్లో ఒకేసారి పంపవు. కాబట్టి ఫోన్‌లో ఎంఎల్ఓ లాభం స్పీడ్ టెస్ట్‌లో కాదు, ఆలస్యం తగ్గడంలో కనిపిస్తుంది: వీడియో కాల్‌లో మాట ఆగకపోవడం, ఆటలో చేయి తడబడకపోవడం. నిజంగా రెండు బ్యాండ్లూ ఒకేసారి వాడుకుని లాభపడేది మెష్ రూటర్లు (ఇల్లంతా సిగ్నల్ అందేలా కలిసి పనిచేసే రూటర్లు), ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటప్పుడు.

వైఫై పరికరాలకు గుర్తింపు ఇచ్చే సంస్థ వైఫై అలయన్స్ వైఫై 7 సర్టిఫికెట్లు ఇవ్వడం 2024 జనవరిలో మొదలుపెట్టింది. నేను కొన్న రూటర్ అంతకు ముందుది. అందులో ఎంఎల్ఓ మొదట లేదు, ఫర్మ్‌వేర్ (రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో వచ్చింది. ఆన్ చేసిన రోజునుంచి మా ఆవిడ ఫోన్‌లో రోజుకు నాలుగైదుసార్లు నెట్ తెగేది. సిగ్నల్ గీతలు నిండుగా ఉండేవి, పేజీ మాత్రం తెరుచుకునేది కాదు. "పాత రూటరే పెట్టేయండి" అంది తను. నేను ఎంఎల్ఓ ఒక్కటే ఆపాను, మిగతావన్నీ అలాగే ఉంచాను. ఆ రోజుతో తెగడం ఆగింది. ఆ తర్వాత రూటర్ ఫర్మ్‌వేర్ వచ్చినప్పుడల్లా, ఫోన్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా తేదీ, వెర్షన్ ఒక కాగితం మీద రాసుకుని, ఒక రోజు ఆన్ చేసి చూసి, తెగితే ఆపేవాణ్ని. నాలుగోసారికి తెగలేదు. అప్పటినుంచి ఆన్‌లోనే ఉంది.