పరుగు వచ్చినవారికి నీళ్లలో ఆయాసం ఎందుకు?

పది కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తగలిగిన తాను, నలభైకి దగ్గరపడుతున్న వయసులో ఫ్రీస్టైల్ ఈత (బోర్లా పడుకుని చేతులు ఒకదాని తరువాత ఒకటి వేసేది) నేర్చుకుని, 25 మీటర్ల కొలనులో ఒకసారి వెళ్లి వచ్చేసరికే రొప్పుతూ గట్టు పట్టుకోవలసి వస్తోందని, దూరాలు ఈదడం ఇక తనవల్ల కాదేమోనని ఒక పాఠకుడు రాశారు. పరుగుకు చాలిన దమ్ము ఈతకూ చాలుతుంది. చిక్కంతా శరీరం నీటిలో పడుకునే తీరులో ఉంది.

నీటి సాంద్రత గాలి సాంద్రతకు దాదాపు 800 రెట్లు. నీటి అడ్డగింత వేగపు వర్గంతోనూ, దానిని ఎదుర్కోవడానికి కావలసిన సామర్థ్యం వేగపు ఘనంతోనూ పెరుగుతాయి కనుక, వేగం పది శాతం పెంచుకోవాలంటే మూడోవంతు ఎక్కువ శ్రమ పడాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 14 నిమిషాల 30.67 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పిన బాబీ ఫింక్ సగటు వేగం గంటకు 6.2 కిలోమీటర్లు మాత్రమే. పార్కులో చురుగ్గా నడిచేవారు దానిని అందుకోగలరు. అందుచేత కొత్తవారు బలం పెంచుకోవడం కన్నా అడ్డగింత తగ్గించుకోవడం చాలా చవక.

నీటిలో బోర్లా పడుకున్న మనిషి కావడి వంటివాడు. నీరు పైకి మోసే బలం గాలి నిండిన ఛాతీ దగ్గర కేంద్రీకృతమవుతుంది. కావడి మోసే భుజం అదే; తల వైపుది ముందు కుండ, కాళ్ల వైపుది వెనుక కుండ. శరీర బరువు కేంద్రం మాత్రం అక్కడ లేదు, ఒకటి రెండు సెంటీమీటర్లు నడుము వైపు జరిగి ఉంటుంది. ఒక్క సెంటీమీటరే అనుకున్నా, 70 కిలోల మనిషిలో ఆ తేడా ఛాతీకి 70 సెంటీమీటర్ల దూరాన, అంటే దాదాపు మోకాళ్ల దగ్గర, కిలో రాయి వేలాడదీసినట్లు పనిచేస్తుంది. కావడి వెనక్కి ఒరుగుతుంది, కాళ్లు దిగుతాయి. శరీరం 15 డిగ్రీలు వాలితే పాదాలు అడుగు లోతుకు చేరి, తొడలు నీటికి అడ్డుగోడలవుతాయి. పరుగువీరుల కాళ్లలో కొవ్వు తక్కువ, కండ ఎక్కువ కనుక వారి వెనుక కుండ మరింత బరువు.

భయంతో గుండెల నిండా గాలి బిగబట్టినప్పుడు ఛాతీ ఇంకా తేలి, ఒరుగుడు పెరుగుతుంది. పైగా రక్తంలో చేరే కార్బన్ డయాక్సైడ్ ఊపిరాడని భావన కలిగిస్తుంది. ముఖం నీటిలో ఉన్నంతసేపూ నెమ్మదిగా గాలి వదలమనడం ఇందుకే. తల ఎత్తి శ్వాస తీసుకోవడం ఇంకా హానికరం: ఆ తల బరువు మోయడానికి చేయి నీటిని వెనక్కి తోయక కిందికి నొక్కుతుంది, దానితో ముందుభాగం లేచి కాళ్లు మునుగుతాయి. శిక్షకులలో కొందరు దీనికి మందుగా “కాళ్లు ఇంకా గట్టిగా కొట్టండి” అంటారు. శరీరంలోని అతిపెద్ద కండరాలకు అంత ఆక్సిజన్ ఖర్చుపెట్టిస్తే కొలను రెండో పొడవు ఈదడానికి ఏమి మిగులుతుంది? పల్లె బావుల్లో పిల్లల వీపుకు ములగబెండ్లు కట్టిన పెద్దలకు తేలడం ముందు, తన్నడం తరువాత అన్న వరుస తెలుసు. జాతకంలో జలగండం ఉందని పిల్లలను నీటి దరికి పోనివ్వని ఇళ్లలో పెరిగినవారే నలభయ్యో ఏట ఈ పాఠం మొదలుపెడుతుండటం విచారకరం.

భుజాన్ని వెనక్కి జరపలేము కనుక ముందు కుండను బరువెక్కించాలి. నీటికన్నా కొద్దిగా సాంద్రమైన చేయి నీటిలో సుమారు పావు కిలో తూగుతుంది. తొడ పక్కనుంచి తీసి తలముందు చాచితే వెనుక తగ్గినది ముందు చేరి, లాభం రెండు విధాలా వస్తుంది. గాలిలో ముందుకు వచ్చే చేతికి నీటి ఊతం ఉండదు, కనుక మూడు కిలోలకు పైబడిన దాని బరువంతా తల వైపే పడుతుంది. అందుకే ఒక చేయి నీటిలోకి దిగబోయేవరకు రెండోది చాచి ఉంచి, ఆ తరువాతే లాగడం మొదలుపెట్టాలి. చూపు కొలను అడుగున ఉండాలి. శ్వాసకు తల ఎత్తక, మొండెంతో పాటు పక్కకు తిరగాలి. కాళ్లు తేలడం మొదలయ్యాక రెండు చేతుల చుట్టుకు ఆరు తన్నులు అక్కరలేదు, రెండు చాలు.

సముద్రపు నీరు మంచినీటికన్నా రెండున్నర శాతం ఎక్కువ సాంద్రం కనుక అక్కడ ఈ తూకం కొంత సులువవుతుంది, అలల సంగతి వేరు. పెద్ద వయసులో ఈత నేర్చుకున్న హైదరాబాదు మహిళ గోలి శ్యామల 47వ ఏట, 2021 మార్చిలో, భారత్, శ్రీలంకల మధ్య ఉన్న సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని ఈదారు.

పురోగతిని గడియారంతో కన్నా 25 మీటర్లకు పడే చేతి వేటుల లెక్కతో చూసుకోవడం తొలి నెలల్లో మేలు. అదే వేగానికి ఆ లెక్క తగ్గుతోందంటే అడ్డగింత తగ్గినట్లే. అప్పుడు 50 మీటర్ల చొప్పున, మధ్యలో కొద్ది విరామంతో, దూరం పెంచుకోవచ్చు.