ఎవరైనా చేరగలిగే బడి ఆఖరి బడి ఎలా అయింది?

తెలంగాణలో బడిబాట (సర్కారు బడుల్లో పిల్లల్ని చేర్పించే కార్యక్రమం) మొదలైందంటే చాలు, రెండు వాదనలు మళ్లీ రోడ్డెక్కుతాయి. తల్లిదండ్రులకు సర్కారు బడి మీద నమ్మకం పోయింది, పిల్లలే రాకపోతే బడులు ఎవరి కోసం నడపాలి అన్నది ఒకటి. ఒక్కో యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ గురుకులానికి దాదాపు 200 కోట్లు ఇస్తున్న ప్రభుత్వం ఊరి జిల్లా పరిషత్ హైస్కూలుకు లెక్కల సారును ఎందుకు ఇవ్వలేకపోతోంది అన్నది రెండోది. టీవీ చర్చల్లో మొదటి వాదనకే ఎక్కువ సమయం దొరుకుతుంది. గత పదేళ్లలో ఏం జరిగిందో వరుసగా చూస్తే రెండోదానికే బలం ఎక్కువ.

ఇంగ్లిష్ మీడియం మోజు, ప్రైవేటు స్కూళ్ల ప్రచారం, అందరికీ ఒకే రకం బడి ఉండాలన్న కొఠారి కమిషన్ మాట అటకెక్కడం, ఇవన్నీ చాలాసార్లు రాసినవే. వాటిలోకి వెళ్లడం లేదు. 2016, 2017 సంవత్సరాల గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. జెడ్పీ హైస్కూలుకు ప్రభుత్వమే పోటీదారుగా మారింది ఆ రెండేళ్లలోనే.

2016 జూన్‌లో 71 మైనారిటీ గురుకులాలు తెరిచారు. మరుసటి ఏడాదికి అవి 204 అయ్యాయి. 2017 జూన్‌లో నియోజకవర్గానికొకటి చొప్పున 119 బీసీ గురుకులాలు వచ్చాయి. ఎస్సీ, ఎస్టీ గురుకులాలూ పెరిగాయి. రాష్ట్రం ఏర్పడేనాటికి 300 లోపు ఉన్న గురుకులాలు కొన్నేళ్లలోనే వెయ్యి దాకా చేరాయి. మైనారిటీ గురుకులాలు మినహా మిగతావాటిలో ఐదో తరగతిలో చేరాలంటే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఏటా 50 వేలకు పైగా సీట్లు ఉంటాయి.

ఈ సీట్లలోకి వెళ్తున్న పిల్లలు ఎక్కడివాళ్లు? చాలామంది ఊరి ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి చదువుతున్నవాళ్లు. మరో రెండేళ్లకు అదే ఊరి హైస్కూలులో ఆరో తరగతిలో కూర్చోవాల్సినవాళ్లు. పరీక్ష రాయించాలన్న ఆలోచన ఉన్న తల్లి, ఫారం నింపించగలిగిన తండ్రి, సాయంత్రం కాసేపు కూర్చోబెట్టి చదివించే అక్క, వీళ్లలో ఎవరో ఒకరు ఉన్న ఇంటి పిల్లలు ముందు వెళ్లిపోయారు. నారుమడిలో గట్టి మొక్కల్ని ఏరి పక్క పొలానికి పట్టుకెళ్లి, తర్వాత ఈ మడి ఎందుకు పలచబడిందని అడిగినట్టుంది ఇప్పటి చర్చ.

ఒక తండ్రి వైపు నుంచి ఏడాది క్యాలెండర్ చూడండి. సాధారణంగా జనవరిలో నవోదయ పరీక్ష. ఫిబ్రవరిలో గురుకులం. ఏప్రిల్‌లో మోడల్ స్కూలు. వేసవి సెలవుల్లో ప్రైవేటు స్కూళ్ల పీఆర్వోలు ఇంటికొచ్చి ఫీజులో తగ్గింపు మాట్లాడతారు. అన్నీ అయ్యాక జూన్‌లో జెడ్పీ హైస్కూలు టీచర్లు బడిబాట కరపత్రంతో గుమ్మం ముందు నిలబడతారు. ఈ బడికి పరీక్ష లేదు, లాటరీ లేదు, ఫీజు లేదు. ఎవరొచ్చినా చేర్చుకుంటుంది. ఆ గుణం వల్లే దీనికి ఎక్కడా సీటు రానివాళ్లు వెళ్లే బడి అన్న పేరు పడింది. మోడల్ స్కూలు జాబితాలో పేరు లేదని తెలిసిన రోజు పిల్లాడు ఇంట్లో ఏడుస్తాడు. ఆ ఏడుపుతోనే హైస్కూలు గేటు దాటతాడు. పదకొండేళ్ల పిల్లలకు మనం పెడుతున్న టెన్షన్ ఇది.

గురుకులాలు ఒక్కటే కారణం కాదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో మోడల్ స్కూళ్లు మొదలయ్యాయి. తెలంగాణ వాటా 194. వెనకబడిన మండలాలకు మంచి బడి ఇవ్వాలన్నది కేంద్ర పథకం ఉద్దేశం. ఆరో తరగతికి వంద సీట్లు, ఇంగ్లిష్ మీడియం, ప్రవేశ పరీక్ష. మండలంలోని హైస్కూళ్ల నుంచి ఏటా ఆ వంద మంది తగ్గారు. 2015లో కేంద్రం ఆ పథకం నుంచి చేయి వెనక్కి తీసుకుంది. బడుల బరువు రాష్ట్రం మీద పడింది.

ఇక్కడ సర్వేల్ గురించి చెప్పాలి. గురుకులాల విస్తరణను సమర్థించేవాళ్లు ముందు చెప్పే పేరు అదే. అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో 1971లో, పి.వి. నరసింహారావు హయాంలో, తొలి గురుకుల పాఠశాల మొదలైంది. తాడికొండ, కొడిగెనహళ్లి కూడా ఆ రోజులవే. పల్లె పిల్లల్ని పరీక్ష ద్వారా ఎంచి చదివించడం ఆనాడు గొప్ప ఆలోచన. ఆ బడుల్లో చదివినవాళ్లు ఐఏఎస్‌లు, ఐపీఎస్‌లు అయ్యారు. తెలంగాణ డీజీపీగా చేసిన మహేందర్ రెడ్డి సర్వేల్ విద్యార్థే. కానీ రాష్ట్రం మొత్తానికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని బడులు అవి. ఒక ఊరి నుంచి ఏ పదేళ్లకో ఒక పిల్లాడు వెళ్లేవాడు. ఊరి హైస్కూలు ఎప్పటిలాగే నిండుగా ఉండేది. సర్పంచి కొడుకూ పాలేరు కొడుకూ అదే బెంచీ మీద కూర్చునేవాళ్లు. వెయ్యి బడుల పద్ధతికి సర్వేల్‌ను సాక్ష్యంగా చూపించడం సరికాదు.

గురుకులాల పక్షాన ఉన్న బలమైన మాట వేరే ఉంది, దాన్ని పక్కన పెట్టలేం. దళిత, ఆదివాసీ ఇళ్ల పిల్లలకు మూడు పూటలా తిండి, చదువుకోవడానికి చోటు, ఊళ్లోని కులం చూపుల నుంచి దూరం దొరికాయి. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులం అమ్మాయి. వలస వెళ్లే కుటుంబాలకు హాస్టల్ లేని బడి ఎందుకూ పనికిరాదు. ఇవన్నీ నిజాలే. వాదన గురుకులం ఉండాలా వద్దా అని కాదు. అది పెరుగుతున్న ఏళ్లలో ఊరి హైస్కూలుకు ఏం చేశారన్నదే.

ఏం చేశారో చూద్దాం. స్కూల్ అసిస్టెంట్లు (హైస్కూలు సబ్జెక్టు టీచర్లు), ఎస్జీటీల (ప్రాథమిక బడి టీచర్లు) నియామకానికి 2017 అక్టోబరులో టీఆర్టీ (టీచర్ల నియామక పరీక్ష) నోటిఫికేషన్ వచ్చింది, 8,792 పోస్టులకు. ఉద్యోగాలు చేతికొచ్చేసరికి 2019. ఆ తర్వాతి నియామకాలు 11,062 పోస్టులతో 2024 డీఎస్సీలో. మధ్యలో రిటైరైనవాళ్ల కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. హెడ్మాస్టర్ల ప్రమోషన్లు 2015 తర్వాత ఏళ్ల తరబడి ఆగిపోయాయి. ఖాళీల్ని నెట్టుకొచ్చిన విద్యా వాలంటీర్లను కరోనా ఏడాదితో తీసేశారు. బడి ఊడ్చే స్వచ్ఛ కార్మికులను కూడా అప్పుడే ఆపేసి ఆ పని పంచాయతీకి అప్పజెప్పారు. ఇదే కాలంలో గురుకులాలకు 2017లోనూ 2023లోనూ పెద్ద నోటిఫికేషన్లు పడ్డాయి. 2023లో ఒక్కసారే 9 వేలకు పైగా పోస్టులు.

దీనికి రేషనలైజేషన్ తోడైంది. పిల్లల సంఖ్యను బట్టి టీచర్లను సర్దుబాటు చేసే పద్ధతి ఇది. కాగితం మీద సబబుగానే కనిపిస్తుంది. ఆరో తరగతిలో చేరేవాళ్లు తగ్గితే పోస్టు మిగులు అంటారు. మిగులు పోస్టును, అందులోని సారును ఇంకో ఊరికి పంపిస్తారు. ఫిజిక్స్ సారు లేడని తెలిసి వచ్చే ఏడాది ఇంకో పదిమంది తల్లిదండ్రులు ప్రైవేటు బస్సు ఎక్కిస్తారు. సంఖ్య మళ్లీ తగ్గుతుంది. మూడు నాలుగేళ్లకు ఆ బడి తక్కువ హాజరు జాబితాలోకి చేరుతుంది. అప్పుడు తల్లిదండ్రులకు నమ్మకం లేదని ప్రకటన వస్తుంది.

బడిని చూసే నాథుడు కూడా కరవయ్యాడు. ప్రభుత్వ టీచర్లు, పంచాయతీరాజ్ టీచర్ల మధ్య ఏకీకృత సర్వీసు నిబంధనల గొడవ కోర్టుల్లో నలగడంతో చాలా మండలాలకు రెగ్యులర్ ఎంఈఓ (మండల విద్యాధికారి) లేడు. ఒక హెడ్మాస్టరే తన బడి చూసుకుంటూ రెండు మూడు మండలాలకు ఇన్‌చార్జిగా తిరిగిన రోజులున్నాయి. ఈ విషయం మీద రెండు వైపుల సంఘాలకూ బాధ్యత ఉంది. పిల్లల పేరుతో ధర్నా చేసినవాళ్లు ఇందులో మాత్రం రాజీకి రాలేదు.

ఇంగ్లిష్ మీడియం లేకపోవడమే సమస్య అన్నవాళ్లకు సక్సెస్ స్కూళ్లు గుర్తు చేయాలి. 2008-09లోనే ఉమ్మడి రాష్ట్రంలో వేల జెడ్పీ హైస్కూళ్లలో ఆరో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియం సెక్షన్లు తెరిచారు. తెలంగాణలో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లిష్ మీడియం పెట్టారు. బోర్డు మీద మీడియం మారింది. చెప్పేవాళ్ల సంఖ్య మారలేదు, కాబట్టి తల్లిదండ్రుల నిర్ణయం కూడా పెద్దగా మారలేదు.

ఆంధ్రప్రదేశ్ వేరే దారిలో వెళ్లి దాదాపు ఇదే చోటికి చేరింది. అక్కడ 2022 జూన్‌లో వచ్చిన జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని కిలోమీటరు లోపున్న హైస్కూళ్లలో కలిపారు. హైస్కూలు బలపడుతుందన్నారు. చిన్న పిల్లలు రోడ్డు దాటి వెళ్లాల్సి రావడంతో చాలా ఇళ్లు దగ్గర్లోని ప్రైవేటు బడిని చూసుకున్నాయి. 2025లో ప్రభుత్వం ఆ జీవోను పక్కన పెట్టి, తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు అంటోంది. టీచర్ల నియామకంలోనూ అక్కడ పెద్ద విరామమే ఉంది: 2018 తర్వాత పెద్ద ఎత్తున పోస్టులు నింపింది 2025 మెగా డీఎస్సీలోనే, 16,347.

ఇన్నిటి మధ్యా జెడ్పీ హైస్కూలును కావాలని ఎంచుకున్న తల్లిదండ్రులు ఉన్నారు. వాళ్ల లెక్క వేరు. ఈ బడిలో పిల్లలకు ఎంపిక లేదు గానీ టీచర్లకు గట్టి ఎంపిక ఉంది. బీఈడీ, టెట్, డీఎస్సీ మూడూ దాటినవాళ్లే చెబుతారు. ట్రిపుల్ ఐటీ ఆశ ఇంకొకటి. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలుగా పిలిచే ఆర్జీయూకేటీ పెట్టారు. వీటి ప్రవేశాల్లో, హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో పదో తరగతి చదివిన పిల్లలకు అదనపు స్కోరు కలిపే నిబంధన తెచ్చారు. పరీక్ష లేని బడికి ప్రభుత్వం ఇచ్చిన అసలైన గౌరవం నాకు తెలిసి ఇదొక్కటే. దీని కోసమే ఎనిమిదో తరగతిలో ప్రైవేటు నుంచి జెడ్పీకి మార్పించినవాళ్లున్నారు. వీళ్లు చేర్చే ముందు భవనం చూడరు. లెక్కల సారు ఉన్నాడా, ఫిజిక్స్ సారు ఉన్నాడా, నిరుడు పదో తరగతిలో ఎంతమంది రాశారు అని అడుగుతారు. బడిని ఎంచుకోవడానికి ఇంతకు మించిన కొలత లేదు.

డబ్బు దగ్గరికి వస్తే పోలిక ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2022లో మన ఊరు మన బడి కింద 26,065 బడులకు 7,289 కోట్లు ప్రకటించారు. సగటున బడికి 28 లక్షలు. తొలి విడతలో 9,123 బడులు తీసుకున్నారు. చాలాచోట్ల బిల్లులు రాక పనులు మధ్యలో ఆగాయి. ప్రభుత్వం మారింది. 2024 అక్టోబరులో షాద్‌నగర్ నియోజకవర్గం కొందుర్గులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ గురుకులానికి శంకుస్థాపన చేశారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలు ఒకే ప్రాంగణంలో చదవడం మంచి ఉద్దేశమే. 20 నుంచి 25 ఎకరాలు, దాదాపు 200 కోట్లు, రెండున్నర వేల మందికి చోటు. అదే షాద్‌నగర్‌లో 1959 అక్టోబరులో నెహ్రూ చేతుల మీదుగా ఉమ్మడి రాష్ట్రంలో పంచాయతీరాజ్ మొదలైంది. ఊరి హైస్కూళ్లు జిల్లా పరిషత్‌ల చేతికి వచ్చింది ఆ వ్యవస్థతోనే. ఇవాళ జిల్లా పరిషత్ పేరు బడి బోర్డు మీద ఉంది, టీచరును వేసే అధికారం దాని దగ్గర లేదు.

ఈ ప్రభుత్వమే ఆకునూరి మురళి అధ్యక్షతన వేసిన విద్యా కమిషన్ తెలంగాణ పబ్లిక్ స్కూళ్లు పెట్టమని చెప్పింది. చిన్న తరగతుల నుంచి ఇంటర్ దాకా ఒకే చోట, చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు బస్సు. ఊరి హైస్కూలుకు ఇన్నేళ్లలో వచ్చిన మెరుగైన ప్రతిపాదన ఇదే. రంగారెడ్డి జిల్లా మంచాల మండలం ఆరుట్లతో అడుగు పడింది.

ఇప్పుడు గమనించాల్సింది ప్రవేశాల నిబంధన. మోడల్ స్కూళ్లను కూడా మండలం పిల్లల కోసమే అన్నారు, సీట్లు వంద, అడిగేవాళ్లు ఎక్కువ కావడంతో పరీక్ష పెట్టారు. పబ్లిక్ స్కూలుకు గిరాకీ పెరిగిన మొదటి ఏడాదే అధికారుల ముందుకు ఆ ఫైలు వస్తుంది. అడిగిన పిల్లలందరికీ సెక్షన్లు పెంచుతారా, లేక ఏప్రిల్‌లో ఇంకో హాల్‌టికెట్ ఇస్తారా అన్నది మార్గదర్శకాల్లో ముందే రాయించుకోవాలి. ఉపాధ్యాయ సంఘాలు, తల్లిదండ్రుల కమిటీలు కొత్త గదుల కంటే ముందు అడగాల్సింది ఆ ఒక్క పేజీ.