ఈ కారుకు స్టీరింగ్ ఆయిల్ ఉండదండీ: పవర్ స్టీరింగ్‌పై అపోహలు - వాస్తవాలు

స్టీరింగ్ తేలిగ్గా తిరిగేలా సాయం చేసేదే పవర్ స్టీరింగ్. ఆ సాయం ఆయిల్ ఒత్తిడితో వస్తే హైడ్రాలిక్, మోటారుతో వస్తే ఎలక్ట్రిక్. మా రిపేరు షెడ్డుకు వచ్చే చిన్న కార్లన్నీ దాదాపు ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌వే. జనం మాటలు మాత్రం ఇంకా హైడ్రాలిక్ రోజుల దగ్గరే ఉన్నాయి. బొలెరో, ఇన్నోవా క్రిస్టా లాంటి బండ్లలో, లారీల్లో, బస్సుల్లో హైడ్రాలిక్ ఇప్పటికీ నడుస్తోంది. కాబట్టి ముందు మీ బండిలో ఏది ఉందో తెలుసుకోండి. ఒక రకానికి చేసే రిపేరు ఇంకో రకానికి చేయిస్తే డబ్బు దండగ.

అపోహ: సర్వీసులో స్టీరింగ్ ఆయిల్ మార్పించాలి.

హైడ్రాలిక్ అయితే నిజమే. ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు ఆయిల్‌ను ఒత్తిడితో ర్యాక్‌లోకి, అంటే ముందు చక్రాలను అటూ ఇటూ తిప్పే పళ్ల కడ్డీ ఉన్న భాగంలోకి నెడుతుంది, మనం తిప్పినా తిప్పకపోయినా ఆ పంపు తిరుగుతూనే ఉంటుంది. ఎలక్ట్రిక్‌లో పంపు, బెల్టు, ట్యాంకు ఏవీ ఉండవు. స్టీరింగ్ తిప్పగానే లోపలున్న టార్షన్ బార్ అనే సన్నటి కడ్డీ కాస్త మెలి తిరుగుతుంది. ఆ మెలికను సెన్సర్ కొలుస్తుంది, కంట్రోల్ యూనిట్ బండి స్పీడు కూడా చూసుకుని, స్టీరింగ్ తిప్పడానికి సాయం చేసే మోటారుకు కరెంటు ఇస్తుంది. మీరు తిప్పినప్పుడే ఖర్చు, మైలేజీ కాస్త కలిసొచ్చేది అందుకే. ఇలాంటి కారు బిల్లులో స్టీరింగ్ ఆయిల్ అని కనిపిస్తే బానెట్ తెరిపించి, ఏ ట్యాంకులో పోశారో చూపించమనండి. పంపును ఎలక్ట్రిక్ మోటారుతో తిప్పే మధ్యరకం కార్లు కొన్ని ఉన్నాయి, వాటిలో ఆయిల్ ఉంటుంది.

అపోహ: కరెంటు పోతే స్టీరింగ్ బిగుసుకుపోతుంది.

బిగుసుకుపోదు, బరువెక్కుతుంది. స్టీరింగ్ నుంచి చక్రాల దాకా ఇనుప కడ్డీలు, గేర్లు కలిసే ఉంటాయి. మోటారు సాయం మాత్రమే ఆగుతుంది. బండ్ల స్టీరింగ్‌కు ఐక్యరాజ్యసమితి పెట్టిన ఆర్79 నిబంధన పరీక్షలో, సాయం ఆగిపోయినా కారు తిప్పడానికి 300 న్యూటన్ల బలం, అంటే 30 కిలోల బరువు ఎత్తేంత, దాటకూడదు. అన్నీ పనిచేస్తుంటే ఆ పరిమితి 150. రోడ్డు మీద 60లో వెళ్తుంటే పెద్దగా తెలియదు కానీ పార్కింగ్‌లో మాత్రం చెమటలు పడతాయి. ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు ఆదా అని ఇంజిన్ ఆపేసే అలవాటు రెండు రకాల బండ్లలోనూ ప్రమాదమే. స్టీరింగ్ సాయం పోతుంది, నాలుగైదుసార్లు తొక్కేసరికి బ్రేకును తేలిక చేసే బూస్టర్ సాయమూ పోతుంది. తాళం తీశారంటే స్టీరింగ్ లాకే పడుతుంది.

అపోహ: స్టీరింగ్ లైటు వెలిగిందంటే ర్యాక్ పోయినట్టే.

ఎక్కువ డబ్బు వదిలేది ఈ మాట దగ్గరే. ఆగి ఉన్న కారులో స్టీరింగ్ తిప్పితే మోటారు పదుల ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ వీక్‌గా ఉన్నా, టెర్మినల్ మీద తెల్లటి పొడి పట్టినా, ఎర్తింగ్ బోల్టు వదులైనా వోల్టేజీ పడిపోయి యూనిట్ సాయం తగ్గించేస్తుంది, లైటు వేస్తుంది. అందుకే నేను ముందు వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పట్టుకుంటాను. ఇంజిన్ నడుస్తుంటే సాధారణంగా 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. ఆ తర్వాతే ఫ్యూజు, ఆ తర్వాత బండి కంప్యూటర్‌లోని తప్పు కోడ్ చదివే స్కానర్. కోడ్ చదవకుండా ర్యాక్ మార్చాలన్నారంటే ఇంకో షెడ్డు చూసుకోండి.

శబ్దం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొన్ని కార్లలో మోటారు డాష్‌బోర్డు కింద, స్టీరింగ్ చక్రం నుంచి కిందికి దిగే కడ్డీకే (స్టీరింగ్ కాలమ్) ఉంటుంది. మోటారుకూ, అది తిప్పే స్క్రూ లాంటి వార్మ్ గేరుకూ మధ్య నక్షత్రం ఆకారంలో అరచేతిలో ఇమిడే రబ్బరు ముక్క ఒకటి పెడతారు. అది అరిగిందంటే, బండి ఆపి స్టీరింగ్‌ను కొంచెం అటూ ఇటూ ఆడిస్తే మోకాళ్ల దగ్గర టక్ టక్ అని వినిపిస్తుంది. రబ్బరు ముక్క చవకే, విప్పి బిగించే కూలీ ఎక్కువ. అదే టకటక బండి గుంతలో పడ్డప్పుడు ముందు చక్రాల వైపు నుంచి వస్తే ర్యాక్‌ను చక్రాలకు కలిపే టై రాడ్, సస్పెన్షన్‌లోని లింక్ రాడ్ చూడాలి.

అపోహ: ఎలక్ట్రిక్ కదా, చివరిదాకా తిప్పి పట్టుకున్నా ఏం కాదు.

హైడ్రాలిక్‌లో అలా పడితే పంపు కూత పెడుతుంది, ఆయిల్ వేడెక్కుతుంది. ఇక్కడ కూత వినపడదు కానీ మోటారు కాగిపోతుంది. ఇరుకు సెల్లార్‌లో పదేపదే ముందుకూ వెనక్కూ తీసేటప్పుడు స్టీరింగ్ ఉన్నట్టుండి బరువెక్కితే చాలామందికి టెన్షన్. అది యూనిట్ తనను తాను కాపాడుకోవడం. కాసేపు వదిలేస్తే మామూలవుతుంది.

అపోహ: ఇది కొత్త టెక్నాలజీ, నమ్మలేం.

సుజుకీ 1988లోనే జపాన్‌లో సెర్వో అనే చిన్న కారుకు దీన్ని పెట్టింది.

అపోహ: ఎలక్ట్రిక్‌లో రోడ్డు ఫీల్, అంటే రోడ్డు ఎలా ఉందో చేతికి తెలియడం, ఉండదు.

ఇందులో సగం నిజముంది. మంచి హైడ్రాలిక్ ర్యాక్ చేతికి చెప్పినంత రోడ్డు కబురు ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉన్న చాలా కార్లు చెప్పవు. మోటారు ర్యాక్ మీదే ఉన్నవి కాస్త నయం. కానీ బండిని గీతల మధ్యే ఉంచే లేన్ అసిస్ట్, దానంతటదే పార్క్ చేసుకోవడం లాంటివి కావాలంటే స్టీరింగ్ తిప్పే మోటారు ఉండాల్సిందే.

అపోహ: వీల్ ఎలైన్‌మెంట్‌తో దీనికి సంబంధం లేదు.

ఉంది. స్టీరింగ్ ఎంత కోణంలో ఉందో కొలిచే సెన్సర్ ఒకటి ఉంటుంది. టై రాడ్లు సర్దాక నిటారు అంటే ఏదో దానికి మళ్లీ చెప్పాలి. చాలా చోట్ల ఈ పని వదిలేస్తారు. ఫలితంగా కొన్ని కార్లలో స్టీరింగ్ ఒకవైపు లాగుతుంది, బండి జారకుండా కాపాడే స్టెబిలిటీ కంట్రోల్ లైటు వెలుగుతుంది, కస్టమరేమో టైర్లు మార్పిస్తాడు. ఎలైన్‌మెంట్ అయ్యాక డబ్బులిచ్చే ముందు, స్కానర్ పెట్టి జీరో సెట్ చేశారా అని అడగండి.