కరివేపాకు రెబ్బతో మొదలుపెట్టండి

చిరంజీవులైన పిల్లలకు,

ఉగాది పచ్చడికి వేపపువ్వు తెమ్మంటే ఊదారంగు పూలు తెచ్చి, "ఆకు వేపాకులాగానే ఉంది గదా తాతా!" అన్నారు. అది తురకవేప. దాని కాయలు మాత్రం నోట్లో పెట్టకండి, విషం.

తప్పు మీ కళ్లది కాదు. ఎంతవరకు ఒక ఆకో తెలియకుండా ఆకుల్ని పోల్చారు. వంటింట్లో ఒక కరివేపాకు రెబ్బ తీసుకోండి. అమ్మ పోపులోకి దూసి వేసేవి ఆకులు కావు, ఆకు ముక్కలు. రెబ్బంతా కలిపి ఒక్కటే ఆకు. నమ్మకం లేకపోతే చెట్టు దగ్గరికి పోండి. రెబ్బ కొమ్మకు అంటుకున్న మూలలో చిన్న మొగ్గ ఉంటుంది. ముక్కల మొదట్లో ఎంత వెతికినా ఉండదు. మొగ్గ ఉన్నచోటే ఆకు మొదలు.

ఇక కనిపించిన చెట్టునల్లా ఈ రెబ్బతోనే కొలవండి. వేప రెబ్బకు నడుమ ఒకే ఈనె, దానికి రెండు వైపులా కొడవలిలా వంగిన ముక్కలు, అంచున రంపపు పళ్లు. ముక్క మొదట్లో దాని సొంత ఈనెకు ఒక పక్క వెడల్పు, ఒక పక్క తక్కువ. తురకవేపకు రెబ్బ నడిమి ఈనె మళ్లీ చీలుతుంది. అంటే రెబ్బకు రెబ్బలన్నమాట. మీరు చూడనిది ఇదే. కానుగకు ఐదో ఏడో నున్నటి పెద్ద ముక్కలు, చివర ఒంటిది. చింతకు ఆ ఒంటిది ఉండదు, జతతో ఆగిపోతుంది.

రావి, మర్రి దగ్గర మన రెబ్బ లెక్క చెల్లదు. అవి ఒంటాకులు, తుంచితే పాలు. రావాకుకు పొడుగు తోక.

కింద రాలింది ఏరకండి, పక్క చెట్టుది గాలికి వచ్చి ఉండొచ్చు. చెట్టు మొదట్లో మొలిచిన పిలకల్నీ నమ్మకండి, వాటి ఆకులు ఒక్కోసారి ఆకారం తప్పుతాయి. చేతికందే కొమ్మకు ముదురాకులు నాలుగైదు చూసి, ఒకటి నలిపి వాసన పట్టండి. కొమ్మ విరిచే పని లేదు. వారానికి రెండు చెట్లు చాలు.

ఈసారి మైపాడు సముద్రానికి పోయినప్పుడు, దారిలో సరుగుడు తోట కనిపిస్తే ఆగండి. సూదుల్లా వేలాడేవి ఆకులు కావు, సన్నటి కొమ్మలు. ఒకదాన్ని రెండు చేతులా పట్టి మెల్లగా లాగితే కణుపు దగ్గర టక్కున ఊడుతుంది. ఊడినచోట చుట్టూ బుల్లి పళ్లు ఉంటాయి. అవీ ఆకులంటే! భూతద్దం మర్చిపోకండి. కణుపుకు ఎన్నున్నాయో లెక్కపెట్టి నాకు రాయండి.

మీ తాత