గిన్నె ఇంకా చల్లగానే ఉంది

విజయవాడ,
రోహిణి కార్తె

చిట్టీ, బుజ్జీ,

నిన్న ఫోనులో చిట్టి అడిగింది కదా: "మేం గుంటూరు వచ్చేసి పది రోజులైంది తాతయ్యా, మేం చేసిన మట్టి గిన్నెలు ఇంకా కాల్చలేదా? మేడ మీద అంత ఎండ ఉందిగా, అక్కడ పెడితే ఒక్క రోజులో ఆరిపోవూ?" అని. ఆరిపోతాయమ్మా. కానీ పగిలి ఆరతాయి. ఎందుకో ఫోనులో చెబితే సగమే చెప్పినట్టవుతుందని ఉత్తరం రాస్తున్నాను.

మొన్న అమ్మమ్మ సగ్గుబియ్యం వడియాలు పాత చీర మీద పెట్టి మండుటెండలో వదిలేసింది. మినప అప్పడాలు మాత్రం మధ్యగదిలో చాప మీద, నీడకు ఆరేసింది. బుజ్జి ఒక అప్పడం పట్టుకెళ్లి పిట్టగోడ మీద పెట్టాడు. ఏమైందో గుర్తుందా? కాసేపటికే అంచులు పైకి లేచి దొప్పలా ముడుచుకుపోయింది. పై వైపు ముందు ఆరింది. ఆరిన వైపు దగ్గరకి ముడుచుకుంటుంది. కింద వైపు ఇంకా తడిగా ఉంది, అది ముడుచుకోలేదు. ఒకటి లాగుతోంది, ఒకటి రానంటోంది. అప్పడం పల్చన కాబట్టి వంగి ఊరుకుంది. గిన్నెకి వంగే వీలు లేదు, అందుకని పగులుతుంది. అంచు పల్చగా ఉంటుంది, అదే ముందు ఆరుతుంది. చిట్టి గిన్నెకి అడుగు నా బొటనవేలంత మందం! అది ఆరడానికి ఎన్ని రోజులు పడుతుందో ఆలోచించు.

అప్పడం సంగతి ఇంకా ఉంది. అమ్మమ్మ పిండిని రోకలితో దంచి దంచి సాగేలా చేస్తుంది చూడు, నేను మట్టిని పిసికేదీ అందుకే. లోపల గాలి బుడగ మిగలకూడదు, గట్టి ఉండ ఉండకూడదు. పిండి ఎండిపోకుండా తడిగుడ్డ కప్పుతుంది, నేను మట్టి మీద గోనె కప్పుతాను. ఆరుతున్న అప్పడాల్ని మధ్యమధ్యలో తిరగేస్తుంది, నేను గిన్నెల్ని బోర్లిస్తాను. చివరికి నూనె మూకుడు, నాకు బట్టీ. లోపల తడి ఉన్న అప్పడం సరిగ్గా పొంగదు, అంతే. లోపల తడి ఉన్న గిన్నె మాత్రం పేలుతుంది. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు చోటు కావాలి. మట్టి గోడల మధ్య అంత చోటెక్కడిది? ఒక గిన్నె పేలితే పక్కన ఉన్నవాటినీ పాడు చేస్తుంది.

మీ వయసులో నాకూ ఇది తెలియదు. వేసవిలో బందరు కాలవకి నీళ్లు కట్టేసేవారు. అడుగున మెత్తటి ఒండ్రు తేలేది. పిల్లలమంతా దిగి, మోకాళ్ల దాకా బురద పూసుకుని, ముద్దలు తెచ్చుకునేవాళ్లం. నేనొక ఎద్దును చేశాను. మూపురం, గంగడోలు, అన్నీ పెట్టాను. అరుగు మీద ఎండలో పెట్టి అన్నానికి వెళ్లొచ్చేసరికి నాలుగు కాళ్లూ ఊడిపోయి ఉన్నాయి. ఏడుస్తుంటే మా వీధిలో కుండలు చేసే పెద్దాయన చూసి, "రోహిణిలో రోళ్లే పగులుతాయిరా, నీ ఎద్దెంత? కాళ్లు సన్నం, పొట్ట లావు. రెండూ ఒకేసారి ఆరాలి. కాళ్లకి తడిగుడ్డ చుట్టు, నీడన పెట్టు" అన్నాడు. ఆయన చెప్పినట్టు రెండో ఎద్దు చేశాను. అది నిలబడింది. నేను మట్టి పని పట్టుకున్నది ఆ రోజునే అనుకుంటాను.

వేసవిలో నా రోజంతా మట్టి చెప్పినట్టే నడుస్తుంది. తెల్లారి అయిదింటికి సారె, అంటే కుండలు చేసే చక్రం, ముందు కూర్చుంటాను, ఎనిమిదింటికి లేస్తాను. తర్వాత ఇంటి పని. ఈ ఏడు డాబా మీద సున్నం వేశాను, కింద గదులు కొంచెం చల్లబడ్డాయి. మధ్యమధ్యలో పైకెళ్లి గోనె తడిపి వస్తాను. వడగాలి కొట్టే రోజున గంటకోసారి చూడాలి. మట్టికి 'పదును' అని ఒకటుంది: వేలితో నొక్కితే సొట్ట పడకూడదు, గోరు గీస్తే గీత పడాలి. కప్పుకి చెవి అతికించేది ఆ పదునులోనే.

పోయిన ఏడాది ఆవకాయ రోజున పది కప్పులు పదునుకొస్తున్నాయని తెలిసీ కాయల కోసం నున్న మామిడి మార్కెట్టుకి వెళ్లాను. వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది, అంచులు తెల్లబడిపోయాయి. అతికించిన చెవి ఒక్కటీ నిలవలేదు. పదింటినీ బకెట్టు నీళ్లలో వేశాను, తెల్లారేసరికి మళ్లీ బురద. ఆవకాయ వాయిదా వెయ్యడానికి లేదు, కాయ పండుతుంది. అందుకని ఇప్పుడు ఆవకాయ రోజున సారె ముట్టుకోను. ఆ రోజు నా వంతు జాడీలు తుడిచి ఎండబెట్టడం. అవీ మట్టివే, పైన గాజు పూత వేసి కాల్చినవి. ఉప్పూ పులుపూ లోహాన్ని తింటాయి గానీ ఆ పూత జోలికి రావు.

అప్పడంతో పోలిక ఒక్కచోట ఆగిపోతుంది. ఎండిన గిన్నెను నీళ్లలో వేస్తే కరిగి బురదవుతుంది. అదే గిన్నెను బట్టీలో 1,000 డిగ్రీల దాకా తీసుకెళ్లి తీస్తే ఇక ఎన్నేళ్లు నానబెట్టినా మట్టిగా మారదు. నేను ఇన్నేళ్లుగా కాలుస్తున్నాను, మూత తీసిన ప్రతిసారీ నాకిది వింతగానే ఉంటుంది. అమరావతి పక్కన ధరణికోటలో తవ్వితే రెండు వేల ఏళ్ల నాటి కుండ పెంకులు దొరికాయి. అలాంటి పాత పెంకు ఎప్పుడైనా చేతికొస్తే లోపలి వైపు చూడండి. సారె తిరుగుతుండగా కుమ్మరి వేళ్లు తీసిన గాడులు ఇంకా ఉంటాయి. ఆ వేళ్లు ఎవరివో!

మీ అమ్మ చేతికి ఒక మట్టి ముద్ద ఇచ్చి పంపుతున్నాను, పని మొదలెట్టేదాకా తడిగుడ్డ విప్పకండి. రెండు పలకలు చేసి ఒక్కో దాని మీద 10 సెంటీమీటర్ల గీత గియ్యండి. ఒకటి ఎండలో, ఒకటి గుడ్డ కింద నీడలో పెట్టండి. రోజూ స్కేలు పెట్టి కొలిచి రాసుకోండి. ఆరిందో లేదో చూడ్డానికి నొక్కకండి, చెంపకి ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా నీళ్లున్నట్టే.

ఇవాళ పొద్దున మీ గిన్నెల్ని అలాగే చూశాను. బుజ్జి గిన్నెలో చల్లదనం పోయింది. చిట్టిది ఇంకా చల్లగానే ఉంది. రెండూ కలిపే కాలుస్తాను.

మీ
తాతయ్య