డబ్బా మీది పేరు వేరు, లోపల మిగిలింది వేరు: గ్లవ్స్, యూరిన్ పైపుల గురించి అపోహలు - వాస్తవాలు

ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే "రబ్బరు పని" అంటాను. వెంటనే టైర్లా అంటారు. కాదు, ఆస్పత్రిలో వాడే గ్లవ్స్, కేథటర్ల (యూరిన్ పైపుల లాంటివి) మెటీరియల్. అంటే మనిషి చర్మానికి, ఒక్కోసారి మనిషి లోపలికి తగిలే రబ్బరు, ప్లాస్టిక్. ఈ పనిలో ఉన్నందుకు చుట్టాల నుంచి, నర్సుల నుంచి, డాక్టర్ల నుంచి కూడా పదేపదే వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: రబ్బరు గ్లవ్స్ అంటేనే అలర్జీ.

అలర్జీ రబ్బరుకి కాదు, రబ్బరు పాలతో (దీన్నే లేటెక్స్ అంటాం) పాటు వచ్చే ప్రోటీన్లకి. చెట్టుకి గాటు పెడితే కారే పాలలో సుమారు మూడో వంతు రబ్బరు, మిగతాదంతా దాదాపు నీళ్లే. ఒకటి రెండు శాతం మాత్రం ప్రోటీన్లు. చేతి ఆకారంలో ఉన్న పింగాణీ అచ్చుల్ని ఆ పాలలో ముంచి తీస్తే పల్చటి పొర పడుతుంది. ఆ పొర పచ్చిగా ఉన్నప్పుడు ఒకసారి, ఉడికాక ఇంకోసారి వేడినీళ్ల తొట్టెలో నానబెట్టి కడగాలి. దీన్ని లీచింగ్ అంటాం. బియ్యం కడగడం లాంటిదే. నీళ్లు తరచుగా మార్చాలి, వేడి తగ్గకూడదు, తొందరపడకూడదు.

కొత్తగా చేరినప్పుడు ఒక ఫ్యాక్టరీలో శిక్షణకి వెళ్లాను. ఆర్డర్లు ఎక్కువై లైన్ వేగం పెంచారు, ఖర్చు కలిసొస్తుందని తొట్టె వేడి తగ్గించారు. గ్లవ్స్ చూడటానికి బ్రహ్మాండంగా వచ్చాయి. సాగదీస్తే సాగాయి. లీటరు నీళ్లు పోసి రెండు నిమిషాలు వేలాడదీస్తే ఒక్క చుక్క కారలేదు. ప్రోటీన్ రిపోర్టు వచ్చాక మా సీనియర్ ముఖం చూడాలి! అమెరికా ప్రమాణం ప్రకారం లేటెక్స్ ఎగ్జామినేషన్ గ్లవ్స్‌లో కరిగి బయటికొచ్చే ప్రోటీన్ చదరపు డెసిమీటరుకి 200 మైక్రోగ్రాములు దాటకూడదు. మా బ్యాచ్ ఆ గీత దాటి చాలా దూరం వెళ్లిపోయింది. అదే చెట్టు, అవే పాలు, అదే యంత్రం. సరిగ్గా కడగలేదు, అంతే.

1987లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఎయిడ్స్ భయంతో ఏ రోగి రక్తాన్ని తాకినా గ్లవ్స్ వేసుకోవాలని చెప్పింది. గ్లవ్స్ గిరాకీ ఒక్కసారిగా ఎగబాకింది. ఆ తర్వాతి ఏళ్లలోనే లేటెక్స్ అలర్జీ కేసులు కుప్పలుగా బయటపడ్డాయి. హడావుడిగా తయారుచేసి సరిగ్గా కడగకపోవడం కూడా ఒక కారణమని మా రంగంలో చాలామంది నమ్ముతారు. నేనూ నమ్ముతాను, ఆ బ్యాచ్ చూశాను కాబట్టి.

అపోహ: "హైపోఅలర్జెనిక్" అని రాసి ఉంటే భయం లేదు.

ఆ మాట మీద నాకు పాత కోపం. ఒకప్పుడు అమెరికాలో రసాయనాల వల్ల వచ్చే దద్దుర్లు తక్కువని చూపిస్తే చాలు, లేటెక్స్ గ్లవ్స్ మీద ఆ ముద్ర వేసుకోనిచ్చేవారు. ప్రోటీన్ల ఊసే లేదు. ప్రాణం మీదకి తెచ్చేది ఆ ప్రోటీన్లే. అందుకే 1998 నుంచి అక్కడ లేటెక్స్ ఉన్న వైద్య పరికరాల మీద ఆ మాట రాయడం నిషేధం.

అపోహ: నైట్రైల్ గ్లవ్స్‌కి మారితే దురద పోతుంది.

మా అక్క స్టాఫ్ నర్సు. లేటెక్స్ పడట్లేదని నీలం రంగు నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) గ్లవ్స్‌కి మారింది. రెండు వారాలకి ఫోన్: "ఒరేయ్, నీ నీలం గ్లవ్స్ కూడా అంతేరా, వేళ్ల సందులన్నీ పగిలిపోతున్నాయి." నేను అడిగింది ఒకటే. దురద వేసుకున్న పావుగంటకి మొదలవుతోందా, మర్నాటికా? మర్నాటికి అంది.

తేడా అక్కడే ఉంది. ప్రోటీన్ల అలర్జీ నిమిషాల్లో వస్తుంది. దద్దుర్లు, తుమ్ములు, ఆయాసం, ముదిరితే బీపీ పడిపోవడం. ఒకటి రెండు రోజులు ఆగి వచ్చే దురద, పగుళ్లు వేరే రకం. అవి యాక్సిలరేటర్ల వల్ల. రబ్బరు త్వరగా ఉడకడానికి కలిపే థయూరమ్‌లు, కార్బమేట్‌ల లాంటి రసాయనాలవి. నైట్రైల్‌లో చెట్టు ప్రోటీన్ ఉండదు, నిజమే. కానీ మామూలు నైట్రైల్‌లో కూడా యాక్సిలరేటర్లు కలుపుతారు. అక్కకి ప్యాచ్ టెస్ట్ (అనుమానం ఉన్న రసాయనాల్ని చర్మానికి అంటించి చూసే పరీక్ష) చేస్తే థయూరమ్‌కే ఎర్రబడింది. (అలర్జీ ఏదీ లేకుండా, శానిటైజర్ తడి ఆరకముందే గ్లవ్స్ తొడగడం వల్ల చేతులు పాడయ్యేవాళ్లు ఇంతకంటే ఎక్కువ. ముందు అది చూసుకోండి.)

యాక్సిలరేటర్లు లేని నైట్రైల్ గ్లవ్స్ ఇప్పుడు దొరుకుతున్నాయి, కాస్త ఖరీదు. మా ల్యాబ్‌లో దాని మీద చాలాకాలం కొట్టుకున్నాం. గంధకం, యాక్సిలరేటర్లు తీసేసి జింక్‌తోనే పొరని బిగిస్తే మెత్తగా బాగుంటుంది. కానీ చెమటలోని ఆమ్లానికి ఆ బిగువు సడలిపోతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు ముందు చీలుతుంది. చర్మానికి మంచిదే, కానీ చిరిగితే నర్సుకి ఏం రక్షణ? కొత్త మెటీరియల్ పని ఎప్పుడూ ఈ తూకంతోనే.

అపోహ: పౌడర్ ఉన్న గ్లవ్స్ చేతికి హాయి.

వేసుకోవడం తేలిక, అంతే. అది మొక్కజొన్న పిండి. లేటెక్స్ ప్రోటీన్లని మోసుకుని గాల్లోకి లేస్తుంది, ఆపరేషన్‌లో కడుపులో పడితే పేగులు అతుక్కోవడానికి కారణమవుతుంది. అమెరికా 2017 జనవరి నుంచి నిషేధించింది.

అపోహ: సహజమైన రబ్బరు వాడితే ప్రోటీన్ల బెడద తప్పదు.

గ్వాయులే అని మెక్సికో ఉత్తర భాగంలో, టెక్సాస్‌లో ఎడారి పొద ఒకటి ఉంది. మన పొలాల గట్ల మీద పీకలేక చచ్చే వయ్యారిభామ ఉంది చూశారూ, దానికి స్వయానా చెల్లెలు, ఇద్దరూ పార్థీనియం కుటుంబమే. దీనికి గాటు పెడితే పాలు కారవు, పొదనే రుబ్బి తీయాలి. ఆ పాలలో ప్రోటీన్లు చాలా తక్కువ, ఉన్నవి కూడా రబ్బరు చెట్టు ప్రోటీన్ల లాంటివి కావు. 2008లో ఈ లేటెక్స్‌తో చేసిన గ్లవ్స్‌కి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ధర, సరఫరా దగ్గరే బండి ఆగింది. వయ్యారిభామతో కూడా చేయొచ్చా అని మా బాబాయి అడిగాడు. లేదు బాబాయ్, అది ఊరికే దురద పెట్టడానికే.

అపోహ: సిలికాన్ కోటెడ్ పైపు అంటే సిలికాన్ పైపే.

నన్ను అడిగితే ఈ మొత్తంలో ప్రమాదకరమైన అపోహ ఇదే. మన దగ్గర ఎక్కువగా వాడే చవక ఫోలీ కేథటర్ (కొసన ఉన్న చిన్న బెలూన్‌ని నీళ్లతో నింపి మూత్రాశయంలో నిలిపే యూరిన్ పైపు) లోపల లేటెక్స్, పైన పల్చగా సిలికాన్ పూత. లేటెక్స్ అలర్జీ ఉన్న రోగికి ఇది వేయకూడదు. ఒక ఆస్పత్రిలో కేస్ షీట్ మీద "లేటెక్స్ అలర్జీ" అని ఎర్ర ఇంకుతో రాసి ఉన్నా ట్రేలో ఇదే పెట్టారు. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదివిన సిస్టర్ ఆపింది. స్పైనా బైఫిడాతో (వెన్నెముక సరిగ్గా మూసుకోని లోపం) పుట్టి, పసితనం నుంచి ఆపరేషన్లు, పైపులతో గడిపే పిల్లల్లో ఈ అలర్జీ మరీ ఎక్కువ. వాళ్లకి మొదటి రోజు నుంచే లేటెక్స్ దూరం పెట్టాలి.

పూర్తి సిలికాన్ పైపు గోడ పల్చన, కాబట్టి అదే సైజులో లోపలి దారి వెడల్పు. 16 ఫ్రెంచ్ సైజు అంటే బయటి కొలత సుమారు 5.3 మిల్లీమీటర్లు, లోపల ఎంత అన్నది మెటీరియల్ బట్టి. దీనికీ ఒక లోపం ఉంది. సిలికాన్ బెలూన్‌లోంచి నీళ్లు మెల్లగా ఊరి బయటికి పోతాయి. నెలల తరబడి ఇంట్లో పైపుతో ఉండేవాళ్లకి బెలూన్ నీళ్లు సరిపోయాయో లేదో నర్సుతో చూపించుకోవాలి. నింపేది స్టెరైల్ వాటర్, సెలైన్ కాదు. సెలైన్ ఉప్పు గడ్డకట్టి సన్న దారి మూసుకుంటే పైపు తీసేటప్పుడు బెలూన్ దిగదు.

అపోహ: వెండి పూత ఉంటే ఇన్‌ఫెక్షన్ రాదు.

బ్రిటన్‌లో 7,102 మంది మీద జరిగిన పరీక్ష 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. కొద్ది రోజులు పైపు పెట్టుకున్నవాళ్లలో మూత్ర ఇన్‌ఫెక్షన్ మామూలు పైపుతో 12.6 శాతం, వెండి పూతతో 12.5. పూతలు తయారుచేసేవాణ్ని కాబట్టి చెప్పడం కష్టమే, కానీ అన్నిటికంటే మంచి పూత పైపుని ఒక రోజు ముందు తీసేయడం.

అపోహ: మెత్తటి పీవీసీ ట్యూబులు, బ్యాగులు విషం, అన్నీ మార్చేయాలి.

పీవీసీ స్వతహాగా గట్టిది. మెత్తబడటానికి డీఈహెచ్‌పీ అనే నూనె లాంటి పదార్థం కలుపుతారు, బరువులో 30 - 40 శాతం దాకా. అది అతుక్కుని ఉండదు, కొవ్వు ద్రవం తగిలితే ఊరుతుంది. అప్పుడే పుట్టిన మగ శిశువుల విషయంలో ఎఫ్‌డీఏ 2002లోనే హెచ్చరించింది. ఐసీయూ ట్యూబుల్లో దాన్ని మార్చాల్సిందే. చిక్కంతా రక్తం బ్యాగుల్లో. అదే డీఈహెచ్‌పీ ఎర్రకణాల పొరలో చేరి అవి పగలకుండా కాపాడుతుంది. 42 రోజుల నిల్వకి దాని సాయం కూడా ఉంది. తీసేస్తే కణాలు ముందే పగులుతాయి. అందుకే మెత్తబరిచే కొత్త పదార్థంతో (ప్లాస్టిసైజర్) పాటు రక్తాన్ని నిల్వచేసే ద్రావణం కూడా మార్చి చూడాల్సి వస్తోంది.

అపోహ: పైపు సులువుగా దూరాలంటే కాస్త కొబ్బరి నూనె రాస్తే చాలు.

వద్దు. నూనె, వాజ్‌లీన్ లేటెక్స్‌ని ఉబ్బించి బలహీనం చేస్తాయి. గ్లవ్స్ వేసుకునే ముందు చేతికి నూనె రాసుకున్నా అంతే. నీళ్లలో కరిగే జెల్లీ ఒక్కటే వాడాలి.